కులం పట్టికలో చివరి వరుస

మదనపల్లె,
ఆదివారం.

చిరంజీవి ప్రీతికి నాన్న దీవెనలు. ఇక్కడ నేను, నా బీపీ, నా నోరు ముగ్గురం క్షేమం. కుప్పంలో నువ్వు వేళకు తింటున్నావని తలుస్తాను. ఫోన్లో నన్ను పూర్తిగా చెప్పనివ్వవు గనుక ఈ ఉత్తరం.

పుంగనూరు గ్రంథాలయం సైటులో 'కులం' మోడల్, అదే సభ్యుల కులాలు రాసే పట్టిక, తీసేయడం ఎలా జరిగిందని అడిగావు. చదువుకోవడానికి వచ్చినవాడి కులం పుస్తకానికి ఎందుకమ్మా? ఎవరో దాత అడిగాడని ఎనిమిదేళ్లు మోశాం, సిగ్గులేక! మొదట కోపంకొద్దీ ఒక్క వేటుకు పట్టికను కొట్టేయబోతే డేటాబేసు ఒప్పుకోలేదు. సభ్యుల వివరాలన్నీ దాన్నే పట్టుకుని ఉన్నాయట. దేశం సంగతి దానికీ తెలుసు!

సైటు చూసుకునే గిరీష్ నవ్వాడు. "గోడ పీకే ముందు దూలం యాడ ఆనుకోనుండాదో సూడాల కదా సార్! పాప చెప్పిండేది ఇన్లేదా?"

విన్నాను. నువ్వు చెప్పిన క్రమంలోనే ముందు నకలు తీసి దాచాం. ఏ కులం కింద ఎవరున్నారో చూశాం. తర్వాత సభ్యులకూ పట్టికకూ ఉన్న ముడి విప్పి, కోడ్‌లో దాని పేరున్న చోటల్లా తుడిచాం. పది రోజులుగా సైటు నిక్షేపంగా నడుస్తోంది.

ఆ సభ్యులను ఎక్కించింది మీ అమ్మే, గుర్తుందా? ఆదివారాలు టమాటా పెట్టెలో పుస్తకాలు సర్దుకుని ఇద్దరం పుంగనూరు బస్సెక్కేవాళ్లం. ఏ పుస్తకం తెరిచినా టమాటా వాసనే. నేను గ్రంథాలయం కమిటీలో గొంతు చించుకుంటుంటే, ఆమె మూలన కూర్చుని రిజిస్టరు చూసి టైపు చేసేది. ఒకరోజు అందరి ముందూ అనేశాను: "నీ చేత్తోనే కులాలు ఎక్కిస్తాండావే, సిగ్గులేదా మాలతీ?"

"నువ్వు అరుస్తా ఉండప్పా. నేను టైపు చేస్తా" అంది, తలెత్తకుండా.

ఇప్పుడు అసలు మాట. పట్టిక తీసేశానని మొన్న ఫోన్లో నీకు అబద్ధం చెప్పాను. అది అలాగే ఉంది. ఎవరు దేని కింద ఉన్నారో చూసిన రోజున, జాబితా అడుగున ఒక వరుస కనబడింది. కులం పేరుండాల్సిన చోట 'అడగొద్దు' అని ఉంది. ఎక్కించిన తేదీ, నేనామెను తిట్టిన రోజే. దాని కింద మూడే పేర్లు: గంగాధరం, మాలతి, ప్రీతి.

ఆమె జవాబు ఎనిమిదేళ్లు అక్కడే ఉంది. ఆమె ఉండగా ఒక్కసారీ తెరిచి చూడలేదు. ఆమె పోయి రెండేళ్లకు చదివాను.

తీసేయాల్సిందే, నా మాట మారలేదు. ఉంటే మీ అమ్మా అదే అనేది. కానీ ఒక్కడినే ఆ మీట నొక్కలేను. వచ్చే ఆదివారం పుంగనూరు రామ్మా. నేను అరవను. నువ్వు టైపు చెయ్.

ఇట్లు,
ఆ వరుసలో మొదటివాడు,
మీ నాన్న గంగాధరం.