అడుగున మిగిలిన పీతల సూప్

నాంచారూ,

నిన్నటితో నీ సంవత్సరీకం అయిపోయింది. "ఇంకో రెండు రోజులు ఆగొచ్చుగా బావా" అంది మీ చెల్లి. ఇంట్లో కూర్చుని ఏం చెయ్యను? ఇవాళ కొట్టు తీశాను.

మన సూప్ కొట్లో కాచేది నువ్వు, రుచి చూసేది నేను. గరిటెతో నా అరచేతిలో ఒక చుక్క వేసి "ఏం తగ్గింది?" అని అడిగేదానివి. నువ్వు పోయాక కాచేదీ నేనే. బాగోలేదని నా నాలుక రోజూ చెబుతూనే ఉంది. ఏం తగ్గిందో మాత్రం చెప్పడం లేదు. బందరులో మన పాత బేరాలు చాలావరకు ఒక్కొక్కటే జారిపోయాయి.

ఇవాళ పీతల సూప్ మరుగుతుంటే అలవాటుగా అరచేతిలో వేసుకున్నాను. నాంచారూ, అది నీ సూపే! రోజూ వేసే అల్లమే, రోజూ వేసే మిరియాలే. ఎలా కుదిరిందో, ఒట్టు, నాకు తెలీదు. రేపు మళ్లీ చెయ్యమంటే నా వల్ల కాదు.

"బాబాయ్, అచ్చం పిన్ని కాచినట్టే ఉంది" అన్నారు తాగినవాళ్లు. గిన్నె ఖాళీ అవుతున్నకొద్దీ నాకు భయమేసింది. ఒక్క కప్పు మిగిలి ఉండగా ఆటో నడిపే శ్రీను వచ్చాడు. అయిపోయిందని అబద్ధమాడి మూత పెట్టేశాను.

ఏ రోజు సూప్ ఆ రోజే చెల్లిపోవాలని నీ పట్టు. తాగితే అయిపోతుంది. ఉంచితే పాడైపోతుంది. మూత తియ్యకుండా దాని ముందే కూర్చుని రాస్తున్నాను.

ఏం చెయ్యనే?