పూలజడ కొలత

నరసాపురం, శుక్రవారం రాత్రి

ఆదివారం ఓణీల వేడుక. పూలజడకు కొలత తీద్దామని మనవరాలు వాణిని పిలిస్తే, జుట్టు మెడ దాకా కత్తిరించుకుని వచ్చి నిలబడింది.

"ఏంటే ఈ వేషం?"

"ఓణీ వేసుకుంటేనే నాకది వేషం అమ్మమ్మా. నేను లోపల మగపిల్లాణ్ణి."

"లేసు ఇంత నాజూగ్గా అల్లే చెయ్యి మగపిల్లాడిదా?"

"అల్లిక నువ్వు నేర్పావు. ఇది ఎవరూ నేర్పలేదు."

రేపు అల్లుడుగారు వస్తారు. ఆయనకు మాట కంటే ముందు చెయ్యి లేస్తుంది. పేలు పట్టాయని నేనే కత్తిరించానని చెబుతాను. అబద్ధమాడిన పిల్లలకు అన్నం పెట్టనిదాన్ని, అయినా చెబుతాను.

నమ్ముతారనే అనుకుంటున్నాను. కానీ ఎల్లుండి అందరి ముందూ వాణి ఓణీ వద్దంటే, అప్పుడు దాన్ని ఎక్కడ దాచుకోను?