బీరువాలో రబ్బరు బొమ్మ

సుగుణా,

నువ్వూ నీ బిడ్డా పోయి నేటికి ఏడాది. కాన్పు చేయడం నేర్పేందుకు మా నంద్యాల ఆసుపత్రికి కడుపులో బిడ్డతో సహా రబ్బరు బొమ్మను పంపారు. వచ్చిన రోజు నుంచీ బీరువాలోనే ఉంది.

కొత్తగా చేరిన నర్సు పిల్లలకు నేర్పుతాను, తాళంచెవి ఇవ్వమని పెద్ద డాక్టరును అడిగాను.

"బొమ్మ చెడిపోతే ఎవురు జవాబు చెప్పల్లమ్మా? తనిఖీకొచ్చినోళ్లకు సూపీయల్ల గదా," అన్నాడు.

అసహ్యమేసింది. ఆళ్లగడ్డలో నీకు పురుడు పోసిన నర్సు పిల్ల చేసిన మొదటి కాన్పు అదే. నీ మీదే నేర్చుకుంది. నువ్వు పోయినందుకు ఎవరూ జవాబు చెప్పలేదు.

"బొమ్మకుండే ఇలువ మనిషికి ల్యాదా సార్?" అని బల్లమీది తాళంచెవి తీసుకొచ్చేశాను.

మధ్యాహ్నం ఒక నర్సు పిల్ల బొమ్మలోని బిడ్డను మెడ పట్టి గట్టిగా లాగింది. ఆపి, ఎలా పట్టుకోవాలో చూపించాను. బొమ్మ కాబట్టి, మళ్లీ మొదటి నుంచి చేయించాను.

మీ అక్క