పక్క మేడ మీది టమాటాలు

ఆగస్టు 11
కిందటిసారి తెగులుకు ముడుచుకుపోయిన అక్క మిరప మొక్కలు ఈసారి నిగనిగలాడుతున్నాయి. "మా చెల్లెలు సైంటిస్టు కదా!" — జూబ్లీ హిల్స్ అంతా అక్క ఫోన్లు. నవ్వి ఊరుకున్నాను. ల్యాబ్ నుంచి హ్యాండ్‌బ్యాగులో ఏం తెచ్చి నారుకు రుద్దానో చెప్పలేదు. బయటికి తేకూడదది.

ఆగస్టు 12
తెచ్చింది ఆ తెగులు వైరస్‌నే. దాని వెంట ఒక బుల్లి ఆర్‌ఎన్‌ఏ — శాటిలైట్. సొంతంగా బతకలేదు. వైరస్ మీద ఆధారపడి పెరుగుతూ దాని జోరునే తగ్గిస్తుంది. మిరపలో తెగులు మెత్తబడుతుంది. అదే శాటిలైట్ టమాటాలో చేరితే మొక్కనే చంపేయగలదు. తెలుసు నాకు. అక్క మేడ మీద టమాటా లేదు కదా అని...

ఆగస్టు 30
పక్క మేడ మీద ఉంది. సినిమాల్లో బామ్మ వేషాలు వేసే సుగుణమ్మగారిది. వేషాలు తగ్గాక ఆ కుండీలే ఆవిడ లోకం. వైరస్‌ను మోసుకెళ్లే పేనుబంకకు పిట్టగోడ ఒక అడ్డా? కాండాలు మాడి నల్లబడ్డాయి.
"అమ్మాయ్, చదువుకున్నదానివి, ఇదేంటో చూడు తల్లీ."
చూడగానే తెలిసింది.
"నీళ్లెక్కువై ఉంటాయండీ" అన్నాను.
నీళ్లట!

సెప్టెంబర్ 1
ఆ నీళ్లు పోసే తోటమాలి యాదగిరిని మాన్పించేశారు. గేటు దగ్గర ఎదురుపడ్డాడు. "నేనేం జేసిన మేడం? ఎప్పుడు పోసినట్లే పోసిన. జర అమ్మకు చెప్పున్రి, మీ మాట ఇంటది."
చెబుతానని కారెక్కాను.

సెప్టెంబర్ 2
చెప్పలేదు.

సెప్టెంబర్ 4
అక్కకు చెప్పాను. "పిచ్చా నీకు? నాలుగు టమాటా మొక్కల కోసం ఉద్యోగం పోగొట్టుకుంటావా?"
మొక్కల కోసమా...
మిరపలన్నీ పీకి తగలబెట్టాను. అక్క మాట్లాడటం లేదు.

సెప్టెంబర్ 6
సుగుణమ్మగారి హాల్లో నిలబడే చెప్పేశాను. తెచ్చింది, రుద్దింది, నీళ్లన్న అబద్ధం — అన్నీ. తిడతారనుకున్నాను. కళ్లజోడు సవరించుకుని నా ముఖంకేసి చూశారు.
"ఇన్నేళ్లు నటించి బతికినదాన్ని. నువ్వు నీళ్లన్నప్పుడు కనిపెట్టలేకపోయాను చూడు."
ఫోన్ అందుకుంటూ — "పాపం యాదగిరిని ఎన్ని మాటలన్నానో! రమ్మని కబురు పెడతాను."
"నేనే వెళ్లి చెబుతానండీ."

సెప్టెంబర్ 7
కారు పట్టని కృష్ణానగర్ సందులో వాళ్ల గది. యాదగిరి లేడు. "ఏదో సినిమా సెట్టు పని ఉందంటే పోయిండు. ఎప్పుడొస్తడో తెల్వదు" అంది భార్య. నన్ను పట్టి పట్టి చూసింది.
"అమ్మతోని మాట్లాడతనన్న మేడం మీరేనా? గీడిదాంక మా కోసం వచ్చిన్రా! సల్లగుండాలె మీరు."
చాయ్ పెట్టింది. తాగాను. వచ్చిన సంగతి చెప్పకుండానే లేచాను.
రేపు మళ్లీ వెళ్లాలి. ల్యాబ్‌లోనూ చెప్పాలి.
నేను వద్దన్నా ఆమె సందు చివరి దాకా వచ్చి ఆటో పిలిచింది...