వెనక్కి తిరగొద్దు, కోడలా

కోడలు పిల్లకు నీ అత్త దీవించి, పక్కన ఒకణ్ణి కూర్చోబెట్టుకుని రాయిస్తున్న సంగతులు. ఇక్కడ నా కుడి చెయ్యి తప్ప అందరం క్షేమం. అక్కడ నువ్వూ, నీ సైకిలూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

రాస్తున్నది నీ మొగుడే. నాకు అక్షరం ముక్క రాదు కాబట్టి వాడి మీద ఫిర్యాదు కూడా వాడి చేతే రాయించాల్సి వస్తోంది. "అమ్మా, ఇది కూడా రాయాలా?" అంటున్నాడు. రాయరా. తర్వాత ఎదురింటి దర్జీ భార్య చేత చదివించి వింటాను. ఒక్క మాట మింగినా దొరికిపోతావు.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. నీ రాతబల్ల మీద వాన నీళ్ళు కారడం లేదు, కప్పు బాగు చేయించాం. నీ పుస్తకాలు అచ్చువేసే ఆయన వచ్చి, కొత్తది ఎప్పుడని అడిగి వెళ్ళాడు. ముందుగది గోడకు వేలాడే నీ సైకిళ్ళు దుమ్ము లేకుండా ఉన్నాయి. వచ్చినవాళ్ళంతా ఇది ఇల్లా, సైకిళ్ళ కొట్టా అంటున్నారు. వంటింట్లో నా నూనె సీసా పక్కన నీ సైకిలు గొలుసు నూనె సీసా అలాగే ఉంది. మొన్న నీ మొగుడు దానితో కూర వేయించబోయాడు. మధ్య కడ్డీ లేని పాత సైకిలుకు గాలి ఉందా అన్నావు. ఉంది.

ఇక అసలు సంగతి. "అత్తయ్య పడిపోయారట, కొండ కనుమ ఎక్కకుండానే వచ్చేస్తున్నాను, ఈ పుస్తకం వద్దు, ఇక ప్రయాణాలు చాలు" అని రాశావు. అది వింటుంటే చెయ్యి నొప్పి కంటే ఒళ్ళు మంట ఎక్కువైంది. అమ్మ పడింది, చెయ్యి విరిగింది అని రాసిన ఈ మహానుభావుడు, ఎలా పడిందో రాశాడా? సగం మాట చెప్పి కొంపలు ముంచేవాళ్ళలో వీడు మొదటివాడు.

"నేను అబద్ధమేం రాయలేదుగా," అంటున్నాడు.

"నిజం రాశావా మరి?" అన్నాను. తల వంచుకుని రాస్తున్నాడు.

నీకు ఇంతవరకూ చెప్పలేదు. దర్జీ భార్య మధ్యాహ్నాలు మిషన్ ఆపి నీ పుస్తకాలు నాకు చదివి వినిపిస్తోంది. ఇల్లు పట్టని ఆడది అని నిన్ను నీ మొహం మీదే అన్నదాన్ని, ఇప్పుడు వినడానికి కూర్చుంటే లేవలేకపోతున్నాను. ఏదో దేశంలో ఎదురుగాలి నిన్ను సైకిలుతో సహా కంచె మీదికి తోసిందట. నా ఈడు ముసలామె ఒకామె, బుట్ట నిండా రొట్టెలు పెట్టుకుని, అదే గాలికి ఎదురు తొక్కుతూ, నిన్ను చూసి తల ఊపి పోయిందట. ఆ పేజీ మళ్ళీ చదవమన్నాను.

"ఎన్నిసార్లు పెద్దమ్మా?" అంది దర్జీ భార్య.

"నాకు తనివి తీరేదాకా," అన్నాను.

ఇప్పుడు విను. నువ్వు అనుకుంటున్నట్టు నేను నీళ్ళగదిలో జారిపడలేదు. నీ పాత సైకిలు మీంచి పడ్డాను.

పరువు పోతుందని వీడి కలం ఆగింది. కానివ్వరా.

గోదాము వెనక సందులో, కొంగు బిగించి ఎక్కాను. దర్జీ భార్య సీటు పట్టుకుంది. చక్రాన్ని చూడకు, దూరాన్ని చూడు అని నువ్వే రాశావు కదా, సందు చివరి దీపం స్తంభాన్ని చూశాను. ఆమె ఎప్పుడు వదిలేసిందో తెలియదు. అమ్మాయ్, ఇన్నేళ్ళూ నేను నడుస్తుంటే గోడలు నిలబడి చూశాయి. ఆ రోజు నేను కూర్చున్నాను, గోడలు నడిచాయి. నా కాళ్ళు నేలకు ఆనడం లేదు, అయినా నేల నన్ను మోస్తూనే ఉంది. మోకాళ్ళ నొప్పి ఎటు పోయిందో తెలియదు. నీళ్ళు మోసి, బట్టలు మోసి అరిగిపోయిన ఆ సందులో అంత గాలి ఉందని నాకు ఎవరూ చెప్పలేదు.

స్తంభం మాత్రం దగ్గరకు వచ్చేస్తోంది. ఎలా ఆపాలో నాకు తెలియదు. నీ పుస్తకాలన్నీ విన్నాను. ఎక్కడం ఉంది, తొక్కడం ఉంది, దారి పక్కన కూర్చుని ఏడవడం కూడా ఉంది. ఆపడం ఒక్కచోటా లేదు. కాబట్టి ఈ చెయ్యి విరగడంలో సగం పాపం నీది.

ముసలితనం నన్ను పడగొట్టిందనుకుని నువ్వు బయల్దేరుతున్నావు. నేర్చుకునేవాళ్ళు పడతారు, దానికి ఎవరూ ప్రయాణాలు మానుకోరు. వీడు వండిపెడుతున్నాడు, తినేలాగే ఉంటోంది. నీకే ఆ కొండంటే భయం వేసిందా, రా, వద్దనను. నా పేరు చెప్పి మాత్రం గుమ్మం ఎక్కకు.

ఆ కనుమ దాటు. అవతలి వైపు దిగేటప్పుడు చేతులు ఏం చెయ్యాలో, కాళ్ళు ఏం చెయ్యాలో, ఏది ముందు నొక్కాలో, చదువు రానిదానికి చెప్పినట్టు నిదానంగా ఈ పుస్తకంలో రాయి. అది రాసేదాకా తిరిగి రావద్దు. కొన్నాళ్ళలో నా చేతికి కట్టు విప్పేస్తారు, ఆలోగా ఆ పేజీ అందకపోతే మళ్ళీ ఆ స్తంభమే నాకు దిక్కు.

ఇట్లు,
నీ రాకకంటే నీ రాత కోసం ఎదురుచూస్తున్న
అత్తయ్య
(ఎడమ చేతి వేలిముద్ర)