డబ్బా మీది చీటీ

ఆదివారం రాత్రి

బస్టాండ్ దగ్గర బాపు అర్జీలు టైపు చేసే పాత కంప్యూటర్ మాటిమాటికీ ఆగిపోయేది. దానికి కొత్త మెమరీ ముక్క, ర్యామ్, నేనే చూసి తెస్తానన్నాను. "నా బిడ్డకు అన్నీ ఎర్కనే" అని బాపు పక్క షాపాయనతో గొప్పగా చెప్పుకున్నాడు.

కంప్యూటర్ డబ్బా మీది చీటీలో ర్యామ్ రకం డీడీఆర్ ఫోర్ అని ఉంది. ఈమధ్య నాకు అచ్చులో కనబడ్డ ప్రతి మాట మీదా ప్రేమే. లోపల తెరిచి చూడకుండా అదే తెచ్చాను. ఇవాళ స్లాట్‌లో పెడితే దిగలేదు. బాపు చాయ్‌కి వెళ్లగానే బొటనవేళ్లతో గట్టిగా నొక్కాను. టప్పుమని స్లాట్ పగిలింది. ఆ తర్వాత కంప్యూటర్ ఆన్ కాలేదు.

బాపు పిలిస్తే మెకానిక్ యాదగిరన్న వచ్చి తెరిచాడు. "గా డబ్బా వేరేదాంది చెల్లె. మీదాంట్ల ఎలుకలు జొచ్చినయని పై డబ్బా నేనే మార్చిన. లోపల పాత బోర్డే, డీడీఆర్ త్రీ గావాలె. బాపునొక్క మాట అడుగకపోతివి?" పగులు చూసి, ఎట్లయిందన్నాడు.

నేను నోరు తెరిచేలోపే బాపు అన్నాడు: "ముసలి మిషన్ గదనే, దాని దినాలు ఒడిసినయ్. పరేషాన్ గాకు బిడ్డా, చేత్తోనే రాస్త."

నేను తలూపాను.

రేపు సోమవారం, కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే ప్రజావాణి. అర్జీలు రాయించుకోవడానికి అంత దూరం టేక్మాల్ నుంచి కూడా జనం బాపు దగ్గరికి వస్తారు. బాపు కుడిచెయ్యి పది నిమిషాలు రాస్తే వణుకుతుంది.

స్లాట్ పగలగొట్టింది నేనేనని పొద్దున్నే బాపుకు చెప్పాలి. ఎలా చెప్పాలో నాలుగుసార్లు రాసి చూశాను. ప్రతిసారీ వాక్యంలో ఎక్కడో ఒకచోట నన్ను నేను కాపాడుకుంటూనే ఉన్నాను...