నేను దాటేసిన వాక్యం

నా పిచ్చుకకి,

నాలుగు వీధుల అవతల ఉన్నదానికి ఉత్తరమేమిటని నవ్వకు. మీ మెట్ల దాకా రెండుసార్లు వచ్చి వెనక్కి తిరిగాను. ఫోను చేద్దామంటే, నీ గొంతు వినగానే ఇంకో అబద్ధం ఆడతానేమోనని భయం. కాగితం మీదైతే కొట్టేసిన మాట కూడా కనబడుతుంది. అందుకే రాస్తున్నాను.

మొన్న బస్టాపులో మీ అమ్మ కనబడింది. "ఏమ్మా, మా ఇంటి దారి మరిచిపోయావా?" అని నవ్వుతూనే అడిగి, అంతలోనే కళ్ళు తుడుచుకుంది. "దాని వేళ్ళు పగిలి నీరు కారుతున్నాయి. కట్టుడు పళ్ళు చేసే ఆ ముద్ద ఇంక జన్మలో ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. అసలే నేర్చుకుంటున్న ఆ పనిలో పరీక్ష ముందుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు." నేనేమన్నానో తెలుసా? "అయ్యో అత్తా, ఎలా జరిగింది?" అన్నాను. ఏమీ ఎరగనట్టు. ఎదురుగా బస్సు ఆగితే, అది ఎటు వెళ్ళేదో కూడా చూడకుండా ఎక్కేశాను.

నీ గోళ్ళకి జెల్ వేసిన ఆ ఆదివారం మధ్యాహ్నం సంగతి నీకూ తెలుసు. కానీ నా మనసులో ఏం జరిగిందో తెలియదు. గోళ్ళ మీద పూసి గట్టిపరిచే ఆ బిల్డర్ జెల్ సీసాతో వచ్చిన సూచనల కాగితం నాకు కంఠతా వచ్చు. గోటి మీద తడి, జిడ్డు లేకుండా తుడవాలి. పల్చగా వేయాలి, ఒక పొర నీలి వెలుగు ల్యాంపు కింద గట్టిపడ్డాకే ఇంకో పొర. చర్మానికి వెంట్రుకవాసి ఎడం వదలాలి. పొరపాటున అంటితే ల్యాంపులో పెట్టకముందే తుడిచేయాలి. ఆ జెల్‌కి ఏ ల్యాంపు చెప్పారో అదే వాడాలి, లేకపోతే పైకి గట్టిగా కనిపించినా లోపల పచ్చిగా ఉండిపోతుంది. 'పచ్చిగా' అన్న మాట ఇక్కడ ఎంత బాగా అమరిందో చూడమని నీకు చూపించాను కూడా. "నీకు మాటల మీదున్న మోజు గోళ్ళ మీద లేదే, నిఘంటువూ" అన్నావు.

మీ అక్క పెళ్ళి ఫొటోల కోసమని తువ్వాలు మీద పది వేళ్ళూ చాపి, "ఈ ల్యాంపు ఆ జెల్‌దేనా?" అని అడిగావు. "ఆ, దానిదే" అన్నాను. కాదు. మా పెద్దమ్మ కూతురు ఇల్లు సర్దుతూ పారేయబోతే తెచ్చుకున్న పాత ల్యాంపు అది. దేనికి పనికొచ్చేదో నాకే తెలియదు.

ఇది చిన్న అబద్ధం. పెద్దది అబద్ధం కూడా కాదు, మౌనం. నీ ఎడమచేతి చూపుడువేలు, మధ్యవేలు గోళ్ళ చుట్టూ ఎర్రగా ఉంది. "ఇదేంటే?" అన్నాను. "గిన్నెల సబ్బు పడలేదులే, నువ్వు కానీ" అన్నావు. ఆ కాగితంలో చివరి వాక్యం ఇది: ఎరుపు, పగులు, దురద ఉన్న వేళ్ళకు వేయకూడదు. ఆ రోజు నీకు కాగితమంతా అప్పజెప్పి ఆ ఒక్క వాక్యం దాటేశాను. చెబితే నువ్వు లేచి వెళ్ళిపోయేదానివి. నాకేమో పెళ్ళిలో అందరూ "ఎవరు వేశారే?" అని అడుగుతుంటే నువ్వు నన్ను చూపించాలని ఆశ. బొటనవేలి దగ్గర జెల్ చర్మం మీదికి జారింది. చూశాను. చూసి కూడా ల్యాంపులో పెట్టించాను.

నాలుగోరోజు దురదగా ఉందని ఫోను చేస్తే, "కొత్త కదా, అలవాటైపోతుంది" అన్నాను. దురద అలవాటు చేసుకునేదా?

మీ అమ్మ చెప్పాక పుస్తకాలు తిరగేశాను. నా జెల్, మీ పళ్ళ ముద్ద ఒకే కుటుంబానివట. ఒంటికి ఒకటి పడకుండా పోతే రెండోదీ పడకపోవచ్చట, అదీ జీవితాంతం. రెండేళ్ళుగా నువ్వు నేర్చుకున్న పని నా మెప్పు సరదాకి పోయింది. క్షమించమనడానికి మాట కోసం వెతికాను. దొరికినవన్నీ అందంగా ఉన్నాయి. అందుకే ఏదీ రాయడం లేదు. నీకు పళ్ళ పని నేర్పే మాస్టారి దగ్గరికి వచ్చి తప్పు నాదని చెబుతాను. రమ్మంటే చాలు.

తలెత్తి నీ కిటికీ వైపు చూడలేని
నిఘంటువు


నిఘంటువూ,

రాసే చెయ్యి బాగానే ఉంది, జాలిపడుతూ చదవకు. నా కోడిగీతలు ఎప్పుడూ ఇంతే.

సబ్బు అన్నాను చూడు, అది అబద్ధం. ఆ ఎరుపు అంతకు రెండు నెలల ముందే మొదలైంది. పొడిలో ద్రవం పోసి కలిపిన ముద్దని ప్లాస్టిక్ కాగితం మధ్య పెట్టి పిసకాలని మాస్టారు మొదటిరోజే చెప్పారు. ఆయన అటు తిరగగానే నేను ఎడమచేతి వేళ్ళతోనే పిసికి అచ్చులో నొక్కేసేదాన్ని. పని తొందరగా తెమిలేది. "నీ చేతిలో వేగముందమ్మాయ్" అనేవారు. ఆ ఒక్క మాట కోసం చేశాను. దురద మొదలైతే దాచాను. చర్మం చిట్లితే, గోళ్ళు నున్నగా మెరుస్తుంటే ఆయన చూపు పగుళ్ళ మీదికి పోదనుకుని నీ దగ్గరికి వచ్చాను. అక్క పెళ్ళి ఒక వంక. నువ్వు అడిగావు. నేనే నోరు మూయించాను.

అక్కడితో ఆగినా బాగుండేది. మాస్టారు నిలదీస్తే, "నా స్నేహితురాలు గోళ్ళకి ఏదో పూసింది, దానివల్లే" అని చెప్పాను. మూడు వారాలుగా మా పని గదిలో అందరి నోటా నువ్వే. నువ్వు మెట్ల దాకా వచ్చి తిరిగిపోవడం రెండుసార్లూ చూశాను. పిలిస్తే ఇదంతా చెప్పాల్సి వస్తుందని పిలవలేదు.

నిన్న నీ ఉత్తరం తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను. చదివి, కళ్ళజోడు తీసి, "ఈ అమ్మాయి ల్యాంపు గురించి చెప్పింది. నువ్వు నీ వేళ్ళ గురించి చెప్పు" అన్నారు. చెప్పాను. "గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చావు" అన్నారు. తర్వాత మైనం బల్ల దగ్గరున్న స్టూలు చూపించారు. ఇక నా పని మైనం చెక్కడం, పళ్ళు వరసగా కూర్చడం. ముద్ద జోలికి పోకూడదు. ఈ సగం పనితో పరీక్షకి కూర్చోనిస్తారో లేదో ఆయనకీ తెలియదు. అడిగి చూస్తానన్నారు.

నీ తప్పేమీ లేదని రాయను. ల్యాంపు నీదే, బొటనవేలి మీదికి జారిన జెల్లూ నీదే. మిగతాది నాది. ఎవరిది ఎంతో నాకు కొలవడం రావడం లేదు.

ఆదివారం రా. ల్యాంపు వద్దు, గోళ్ళు తీసే కత్తెర తీసుకురా. ఎడమచేతికి కట్టు ఉంది కదా, కుడిచేతి గోళ్ళు నాకు నేను తీసుకోలేకపోతున్నాను. అమ్మ తీస్తానంటే వద్దన్నాను. ఈసారి ఎక్కడైనా ఎర్రగా కనబడితే మళ్ళీ అడుగు. సబ్బు అనను.

నీ
పిచ్చుక